తొమ్మిది గిటార్ల బరువు

పొద్దున్న ఆరు గంటలకు టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, బ్లూసు మాస్టారు వెనక గదిలోకి వెళ్లేవారు. ఆ గదిలో గోడ పొడుగునా తొమ్మిది గిటార్లు కొక్కేలకు వేలాడుతుండేవి. వాటి కింద నేలమీద నాలుగు ఆంప్లిఫయర్లు ఉండేవి. ఒక్కో గిటారుకు పావుగంట. మధ్యలో ఒక బ్రెడ్డు ముక్క తినడానికి లేచేవారు. తొమ్మిదోదాన్ని తిరిగి గోడకు తగిలించేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్నన్నాళ్లూ డ్యూటీకి వెళ్లేముందు ఇదంతా ముగించుకునేవారు. రిటైరయ్యాక కూడా ఆ టైము మారలేదు.

మారడానికి వీల్లేదు. వాయించని గిటారు బరువెక్కుతుంది. ఒక్కరోజు మానేస్తే రెండు కేజీలు పెరుగుతుంది. వారం మానేస్తే సిమెంటు బస్తా అంతవుతుంది. నెల మానేస్తే నలుగురు పట్టినా లేవదు. స్టేషను వెనక సందులో ఒకాయన వ్యాపారంలో పడి తన గిటారును మంచం కింద పెట్టి మరిచిపోతే, అది గచ్చు పగలగొట్టుకుని భూమిలోకి దిగిపోయింది. ఇప్పటికీ ఆ ఇంట్లోవాళ్లు ఆ చోట కుర్చీ వేసుకోరు, ఒక పక్కకి ఒరుగుతుందని. అందుకే మిగతా వాయిద్యగాళ్లు ఒక్క గిటారుతో సరిపెట్టుకునేవారు. తొమ్మిదింటిని పెట్టుకున్నవాడు ఆ ఊరు మొత్తానికి మాస్టారు ఒక్కరే.

ఆంప్లిఫయర్లకు ఈ గుణం లేదు. అవి పుట్టుకతోనే బరువు.

గిటార్లలో ఒక్కోదానికీ ఒక్కో పేరుండేది. మాస్టారు పంతొమ్మిదో ఏట మొదటిసారి కొన్న చిన్న చెక్క గిటారు పొట్టిది. ఒళ్లంతా లోహపు రేకుతో చేసి, వాయిస్తే వంటింటి గిన్నెలన్నీ ఒకేసారి బదులిచ్చినట్టు మోగేది ఇత్తడి పళ్లెం. లోపల అంతా బోలుగా, పెద్ద పొట్టతో ఉన్నది గుమ్మడి. మెడ విరిగితే మాస్టారే జిగురుపెట్టి అతికించింది కుంటిది. ఎర్రగా నిగనిగలాడుతూ ఎవరింటికొచ్చినా ముందు దానివైపే చూసేలా చేసేది పెళ్లికూతురు. దాని పక్కనే రెండు అక్కాచెల్లెళ్లు, ఒకే చెట్టు చెక్కతో చేసినవి. వాటి తర్వాత దొంగది. పోలీసు స్టేషను వేలంలో దొరికింది కాబట్టి ఆ పేరు. ఆఖరుది మూగది. దానికి పొట్టే లేదు, ఆంప్లిఫయరు లేకపోతే దోమ రొద పాటి చప్పుడు కూడా చేయదు.

ఆంప్లిఫయర్లలో తాతయ్య అనేది అన్నిటికన్నా పాతది. స్విచ్ వేశాక లోపలి గాజు వాల్వులు మెల్లగా ఎరుపెక్కి, ఐదు నిమిషాలకు గానీ గొంతు విప్పేది కాదు. "ముసలాయన లేచాడా?" అని మాస్టారి భార్య వంటింట్లోంచి అడిగేది. లేచాక ఆ గొంతు వినాలి. తేనె కాగుతున్నట్టు ఉండేది. తక్కిన మూడింటిలో ఒకటి గుర్రుమనేది, ఒకటి తుమ్మెదలా జుమ్మనేది, మూడోది ఏ గిటారు చెప్పినమాటనైనా మార్చకుండా చెప్పేది. ఏ గిటారును దేనికి కలపాలో మాస్టారికి తెలుసు. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా అంత ఆలోచించరు.

బ్లూసు అంటే ఒక మాటను రెండుసార్లు చెప్పి, మూడోసారి దానికి జవాబు చెప్పుకునే పాట. కాలితో నేలమీద తాళం వేసుకుంటూ, తొందర లేకుండా, మనసులోది బయటపెట్టే పాట.

"ఇంట్లోనూ అంతే," అనేది ఆయన భార్య. "టీ కావాలని రెండుసార్లు అడుగుతారు. మూడోసారి ఆయనే పెట్టుకుంటారు."

ఆమెకు సంగీతం రాదు. కానీ రోజూ పదిగంటలకు గది తుడిచేటప్పుడు ఒక్కో గిటారునూ వేలితో కొక్కెం మీంచి కొంచెం పైకెత్తి చూసేది. "ఇవాళ గుమ్మడిని ఊరికే గోకి వదిలేశారు," అనేది. "దొంగదాన్ని మాత్రం ఏం వాయించారండీ! దూదిపింజలా ఉంది." ఆమె చెప్పిందాన్ని మాస్టారు ఏనాడూ కాదనలేదు. శనివారం సాయంత్రాలు రేవు పక్కన హాలులో మూడువందలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టినా, ఇంటికొచ్చి గిటారు ఆమె చేతికిచ్చి, ఆమె మొహం చూసేవారు.

వాళ్ల గదికి సరిగ్గా కింద కత్తెరమ్మ కుట్టు దుకాణం ఉండేది. నలభై అయిదేళ్ల మనిషి, ఒంటరిగా ఉండేది. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినది, మాట్లాడటంలో నోరు తిరిగినది. పొద్దున్నే దుకాణం తెరిచి, పైనుంచి వినిపించే మాస్టారి కాలి చప్పుడుకు సరిపోయేలా మిషను తొక్కేది. ఇరవై రెండేళ్లుగా అంతే.

ఒక బుధవారం ఉదయం, పళ్లు తోముకుంటుంటే మాస్టారి ఎడమచేతిలోంచి గ్లాసు జారిపోయింది. వంగి తీద్దామంటే చెయ్యి కదల్లేదు. పదహారు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మాట పోలేదు, నడక పోలేదు, కుడిచెయ్యి బాగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన గుడ్డముక్కలా ఉండిపోయింది.

ఆ పదహారు రోజులూ భార్య ఆసుపత్రి బెంచీ మీదే ఉంది. ఇంటి తాళంచెవి ఆమె తమ్ముడి దగ్గరుంది. అతను రేడియోలు బాగుచేస్తాడు, మనిషి మంచివాడు. ఐదోరోజు వెళ్లి చూస్తే గోడ కొక్కేలు సగం ఊడి వేలాడుతున్నాయి. పక్కింటివాళ్లిద్దరిని పిలిచి గిటార్లన్నిటినీ దించి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టించాడు. వారం గడిచేసరికి నేల చెక్క పలకల మీద గుంటలు పడుతున్నాయి. అతనికి వాయించడం రాదు. చాలాసేపు బుర్ర గోక్కుని, మాస్టారు హాలులో వాయించినప్పటి రికార్డింగు తెచ్చి, నాలుగు ఆంప్లిఫయర్లకూ కలిపి, మూడురోజులపాటు ఆపకుండా పెట్టాడు. బావగారి పాటే కదా, వాటికి తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు.

గిటార్లు రెండింతలు బరువెక్కాయి.

"వాటి ముందే వేరేదాన్ని వాయించినట్టయింది కదురా!" అని అక్క తలపట్టుకుంది. "అవమానం కాదూ?"

"నాకేం తెలుసక్కా! రేడియోలకు రోషం ఉండదు."

కింద కత్తెరమ్మకు కూడా ఆ మూడురోజులూ పని సాగలేదు. "పాట ఉంది, కాలు లేదు," అని దుకాణానికి వచ్చినవాళ్లందరితో అంది. "కాలు లేని మాస్టారు ఏం మాస్టారు? నా మిషను ఎటు పోవాలో దానికే తెలియలేదు." నాలుగోరోజు పైకప్పు నుంచి సున్నం పొడి రాలి, తయారైన నల్లకోటు మీద పడింది. ఆ మర్నాడు దూలం పొడవునా వెంట్రుక మందాన చీలిక కనబడింది.

మాస్టారు ఇంటికొచ్చిన రోజు, శుక్రవారం, నగరపాలక ఇంజినీరు వచ్చాడు. దూలానికి దారం కట్టి, గుండు వేలాడదీసి, ఎంత వంగిందో కొలిచాడు. పైకి వచ్చి, పడుకుని ఉన్న తొమ్మిది గిటార్లనూ చూసి, చెప్పులు విప్పి ఒక పక్కగా నిలబడ్డాడు.

"మీ పాట నేనూ వింటానండీ మాస్టారూ. హాలుకు వస్తుంటాను. కానీ ఈ దూలం ఇంకో వారం మించి ఆగదు. వచ్చే శుక్రవారం పదిగంటలకు క్రేను తెప్పిస్తాను. కిటికీ చట్రం ఊడదీసి దించి, మా గోడౌనులో పెట్టిస్తాం. అప్పటిదాకా కింద దుకాణం ఖాళీ చేయాలి. దూలం నేను అనుకున్నదానికన్నా దెబ్బతిని ఉంటే ఆ దుకాణం ఇక తెరవడానికి ఒప్పుకోను."

"గోడౌనులో వాటిని ఎవరు వాయిస్తారు బాబూ?" అంది మాస్టారి భార్య.

"అక్కడ నేల గట్టిదమ్మా."

"ఎంత గట్టిదైనా?"

ఇంజినీరు దారాన్ని గుండుకు చుట్టుకోసాగాడు. స్టేషను వెనక సందు అతనికీ తెలుసు. గోడౌనులోకి వెళ్తే ఆ తొమ్మిదీ ఒకదాని తర్వాత ఒకటి మట్టిలోకి వెళ్లిపోతాయని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు.

మర్నాడు శనివారం. మాస్టారు చిన్న ముక్కాలిపీట తెప్పించుకుని ఇత్తడి పళ్లెం పక్కన కూర్చున్నారు. అది వెల్లకిలా పడుకుని, ఏళ్ల తరబడి జబ్బుపడ్డ మనిషిలా కప్పుకేసి చూస్తోంది. మాస్టారు కుడిచేత్తో దాని చెవులు తిప్పి, ఎక్కడా నొక్కకుండా మీటినా ఆరు తీగలూ కలిసి ఒకే శ్రుతిలో పలికేలా సరిచేశారు. మీటారు. ఒకే మాట. మళ్లీ మీటారు. అదే మాట. ఎడమచెయ్యి లేకపోతే దాన్ని పైకి తీసుకెళ్లేది లేదు, కిందకి దింపేది లేదు.

అప్పుడే కత్తెరమ్మ మెట్లెక్కి వచ్చింది. సగం కుట్టిన పని వదిలేసి వచ్చింది కాబట్టి, సూది గుచ్చుకోకుండా నడిమి వేలికి తొడుక్కునే ఇనుప తొడుగు వేలికే ఉంది.

"బాగుందండీ మాస్టారూ! నా నెత్తిమీద కొండ పెట్టి మీరు తీరిగ్గా మీటుకుంటున్నారా?"

"కూర్చో కత్తెరమ్మా," అంది భార్య.

"కూర్చోడానికి రాలేదక్కా. కోట్లకు గుడ్డ ఎక్కడ పరుచుకోను? మా అన్నయ్య పొద్దున్నే ఫోను చేశాడు. దుకాణం లేకపోతే ఇంకేముంది, మా ఊరొచ్చేయ్ అన్నాడు. వాళ్లావిడకు నడుంనొప్పట. వంటకీ, గిన్నెలకీ, పిల్లల్ని బడికి దింపడానికీ మనిషి కావాలిట. మిషను ఎక్కడ పెట్టుకోనురా అంటే, దాన్నెందుకు మోసుకురావడం అన్నాడు." ఆమె వేలి తొడుగును అటూఇటూ తిప్పుకుంది. "మోసుకురావడమా? అది నన్ను మోసిందిరా అన్నాను. అర్థం కాలేదు వాడికి."

మాస్టారు తలెత్తలేదు. వేళ్లు వాటంతటవే మళ్లీ తీగల్ని మీటాయి.

"ఆపండి కాసేపు! మాట్లాడుతుంటే!" అని కత్తెరమ్మ వంగి, మోగుతున్న తీగలమీద చెయ్యి వేసి నొక్కబోయింది. ముందు తొడుగు తగిలింది. తగిలి, తీగ వెంట జానెడు దూరం జారింది. ఆగిపోవాల్సిన మోత ఆగకుండా పైకి ఎక్కింది. తొడుగు మీద చిన్నచిన్న గుంటలుంటాయి కదా, అందుకని గరగరమంటూ, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి మళ్లీ మాట మొదలుపెట్టినట్టు ఎక్కింది.

మాస్టారు తలెత్తారు.

"ఇంకోసారి," అన్నారు మాస్టారు.

"నాకు కోపంగా ఉందండీ."

"కోపంగానే పెట్టు."

ఆయన మీటారు, ఆమె జార్చింది. "కొంచెం పైకి," అని ఆయన అనబోతుంటే, "నాకు తెలుసు ఎక్కడో," అంది ఆమె. "ఇరవై రెండేళ్లుగా నా నెత్తిమీదేగా వాయించారు. ఇది పావుతక్కువ ఏడుకు వాయించే పాట. ఇక్కడ కాదు, ఇక్కడా కాదు... ఆఁ, ఇదిగో." నేలమీద చతికిలబడి, చెవి కింద పెట్టి, బట్టమీద సుద్దగీత ఎక్కడ పడాలో వెతికినట్టు వెతికింది. తప్పినప్పుడల్లా "ఛీ" అనుకుంది. దొరికినప్పుడు ఏమీ అనలేదు. మాస్టారి కాలు తాళం మొదలుపెట్టింది. ఆ కాలు మొదలయ్యాక ఆమెకు తప్పులు తగ్గాయి.

అరగంట తర్వాత మాస్టారి భార్య గిటారు కిందికి వేళ్లు దూర్చి చూసింది. "కదులుతోంది," అంది. ఆ గదిలో చెక్క పలకలు ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమన్నాయి.

ఆ రోజునుంచి దుకాణానికి తాళం, పైన పని. ఇత్తడి పళ్లేనికి తీగలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి తొడుగు సులువుగా జారింది. మిగతావాటికి తీగలు చెక్కకు దగ్గరగా ఉంటాయి. అందుకని తమ్ముడు గుండ్రటి పెన్సిలును ముక్కలుగా కోసి, ఒక్కోదాని పైకొసన తీగల కింద దూర్చాడు. ఈసారి అతని ఉపాయం పనిచేసింది. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు గుర్తుచేశాడు. ఆదివారం గుమ్మడి లేచింది. సోమవారం కుంటిది, దొంగది. అక్కాచెల్లెళ్లలో ఒకదాన్ని వాయిస్తుంటే రెండోది దానంతటదే సగం తేలికయింది. పెళ్లికూతురు రెండురోజులు బెట్టుచేసింది. మూగదాన్ని తాతయ్యకు కలిపి వాయిస్తే, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి పైకి చూశారు. ఆ పాటను ఇద్దరు కలిసి వాయిస్తున్నారని వాళ్లకు తెలియలేదు. మాస్టారి దగ్గర కొత్త శిష్యుడెవరో చేరాడేమో, చెయ్యి కాస్త మొరటుగా ఉంది కానీ బాగుంది అనుకున్నారు.

గురువారం సాయంత్రానికి ఎనిమిది గోడెక్కాయి. పొట్టిది మిగిలింది.

అది చూడటానికి అన్నిటికన్నా చిన్నది, బరువు అన్నిటికన్నా ఎక్కువ. దాని కిందే పలక లోపలికి వంగి ఉంది, దాని కిందే దూలం చీలి ఉంది. శుక్రవారం పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టారు. మాస్టారికి తెలిసినవన్నీ వాయించారు. తొమ్మిదయింది. భార్య వేళ్లు దూర్చడానికి కూడా సందు రాలేదు. వీధిలో క్రేను వచ్చి ఆగిన చప్పుడయింది.

మాస్టారు కుడిచేతిని తీగల మీంచి తీసేశారు.

"నాకు పంతొమ్మిదేళ్లప్పటినుంచి వింటోంది ఇది. నేను చెప్పేవన్నీ దానికి కంఠతా వచ్చు. నావి ఇంకేం లేవు కత్తెరమ్మా. నువ్వు వాయించు."

"నాకేం వచ్చండీ? నాకు వచ్చినవన్నీ మీవేగా."

"మీ అన్నయ్యతో ఫోనులో ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను! వస్తానన్నాను."

"అనాలనుకుంది ఏమిటి?"

కత్తెరమ్మ కిటికీలోంచి క్రేను కొసను చూసింది. ఎడమచేతికి తొడుగు మార్చుకుని, కుడిచేత్తో తనే మీటింది. కాలు కదిలింది. అది మాస్టారి కాలి తాళం కాదు. మడమా మునివేళ్లూ మార్చి మార్చి, మిషను తొక్కే కాలు. మెల్లగా మొదలై, పొడుగాటి కుట్టు పడుతున్నట్టు సాగింది. పాడటం ఆమెకు అలవాటు లేదు. పాడుతున్నానని కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

*అన్నయ్య రమ్మన్నాడు, మిషను వదిలేసి రమ్మన్నాడు.*
*అన్నయ్య రమ్మన్నాడు, మిషను వదిలేసి రమ్మన్నాడు.*
*చేతిలో సగం కుట్టిన కోటుంది, ఎవరికిచ్చి రాను?*

రెండోసారి మొదలుపెట్టేసరికి వంగిన పలక తిన్నగా అయింది. మూడోసారికి మాస్టారి భార్య పొట్టిదాన్ని కిందనుంచి తట్టి చూసి, దాన్ని ఎత్తి కత్తెరమ్మ ఒళ్లో పెట్టింది. పసిపిల్లను తల్లి ఒళ్లో పెట్టినట్టు పెట్టింది. కత్తెరమ్మ ఆపలేదు. మాస్టారు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, తన జీవితంలో మొదటిసారి ఆ గిటారును వాయించకుండా విన్నారు.

ఇంజినీరు మళ్లీ దారం కట్టి గుండు వేలాడదీశాడు. చాలాసేపు చూశాడు. "ఒక ఇనుప కడ్డీ బిగిస్తే సరిపోతుంది," అన్నాడు. క్రేను డ్రైవరు కూడా కిందికి దిగి, పాట అయ్యేదాకా మెట్లమీద కూర్చుని, ఖాళీ కొక్కెంతో వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడు నెలలకు, కత్తెరమ్మ అన్నయ్య వ్యాను తీసుకుని ఆ ఊరొచ్చాడు. ఫోనులో ఎన్నిసార్లు రమ్మన్నా "ఈ కోటు అయ్యాక," అంటోందని, స్వయంగా తీసుకెళ్దామని వచ్చాడు. శనివారం సాయంత్రం. దుకాణానికి తాళం ఉంది. రేవు పక్కన హాలులో ఉంటుందని పక్కవాళ్లు చెప్పారు. అక్కడ కూడా ఏదో కుట్టుపనే అయ్యుంటుందనుకుని వెళ్లాడు.

హాలు నిండిపోయి ఉంది. వెనక వరసలో ఒక్క కుర్చీ దొరికింది. వేదిక మీద ఆంప్లిఫయరు పక్కన మాస్టారు కుర్చీలో కూర్చుని, కాలితో తాళం వేస్తున్నారు. ముందు నిలబడి, నడిమి వేలికి తొడుగు పెట్టుకుని, ఎర్రటి గిటారును ఒంటికి ఆనించుకుని వాయిస్తున్న మనిషిని అతను మొదట గుర్తుపట్టలేదు. ఆమె గొంతు విప్పాక గుర్తుపట్టాడు. తన మాటే పాడుతోంది. రెండుసార్లు పాడి, మూడోసారి జవాబు చెప్పింది. మూడువందలమంది ఒకేసారి ఊపిరి వదిలారు.

అతను తలదించుకున్నాడు. పాట అయిపోయి చప్పట్లు మొదలయ్యాక కూడా ఎత్తలేదు.

పక్కన కూర్చున్న ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ, "అబ్బా, ఏం చెయ్యి బాబూ! ఎవరంటావ్ ఈవిడ?" అని అడిగింది.

అతను చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"మా చెల్లెలండీ," అన్నాడు. "కోట్లు కుడుతుంది. ఇక్కడే ఉంటుంది."

చీకటి పడకముందే ఖాళీ వ్యాను తోలుకుని వెళ్లిపోయాడు.